బొట్టు పళ్ళెం, శాలువా పళ్ళెం

ఇంగ్లీషువాడి భాషలో ఒక మాట తక్కువైందని తెనాలిలో సభ పెట్టి, మైకు పెట్టి, పూటంతా వాదించుకున్న ఆదివారం ఒకటి నా జీవితంలో ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట దొరికిందా అంటే దొరకలేదు. దొరక్కపోతే పోయింది, ఎవరికీ నష్టం లేదు. నాకు మంట దాని గురించి కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను బాపట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఇల్లు తెనాలి. పొద్దున్నే ప్యాసింజరెక్కి వెళ్ళడం, సాయంత్రం ఏది దొరికితే అది ఎక్కి రావడం. సందుసందుకీ స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు వేలాడుతున్న రోజులవి. ఇంగ్లీషు వస్తే చాలు, ఉద్యోగం ఇంటికొచ్చి తలుపు తడుతుందని ఊరూరా నమ్మకం. ఆ ఊపులో తెనాలిలో ఒక సేవా క్లబ్బు వాళ్ళకి కాలేజీ పిల్లల చేత ఇంగ్లీషు డిబేటు చేయించాలని బుద్ధి పుట్టింది. అంశాన్ని వాళ్ళ కార్యదర్శి ఏదో ఇంగ్లీషు పేపర్లో చూసి పట్టుకొచ్చాడు. మగవాడికి ‘హి’ ఉంది, ఆడమనిషికి ‘షి’ ఉంది. మనిషి ఎవరో తెలియనప్పుడు, ఎవరైనా కావచ్చునన్నప్పుడు ఏమనాలి? అందరికీ పనికొచ్చే మాట ఒకటి కావాలా, అక్కర్లేదా? అదీ అంశం.

ఆ కరపత్రం మా స్టాఫ్ రూముకి వచ్చిన రోజున మా సీనియర్ లెక్చరరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నవ్వారు.

“ఇందులో వాదించడానికేముందండి మేడం? ‘హి’ అంటే అందరూ వచ్చేస్తారు. ఆడవాళ్ళు కూడా అందులో ఉన్నట్టే లెక్క.”

“అయితే సాయంత్రం రైల్లో లేడీస్ పెట్టెలో కూర్చోండి సార్. మీరూ అందులో ఉన్నట్టే లెక్క” అన్నాను.

ఆయనకి నవ్వు రాలేదు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పేదాకా వ్యాకరణం చెప్పారు. పోనీ ‘దే’ అందామా అంటే, అది బహువచనమట. ఒక్క మనిషిని ‘దే’ అన్నవాడికి పాస్ మార్కులు వెయ్యకూడదట. “మీ ఆవిడగారు మిమ్మల్ని ‘వారు’ అనే కదా సార్ అంటారు, మీరు ఎంతమంది?” అని అడిగాను. “అది గౌరవమండి” అన్నారు. “ఇదీ గౌరవమే అనుకోండి, పోతుంది” అన్నాను. “అట్లా అనుకోడానికి కుదరదండి” అని క్యారేజీలో పప్పు గిన్నె మూత తీశారు. ఆయనతో వాదించి తలనొప్పి తెచ్చుకోవడం నాకు కొత్తేం కాదు.

మా కాలేజీ తరఫున ఎవర్ని పంపాలన్నది నేను ఆలోచించాల్సిన పనే లేకపోయింది. ఇంగ్లీషులో తడుముకోకుండా మాట్లాడగలిగిన మనిషి మూడో సంవత్సరంలో ఒక్కరే. రేపల్లె నుంచి బస్సులో వచ్చేవారు. వాళ్ళ నాన్నకి అక్కడ బస్టాండు దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఉంది.

ఆ స్టూడెంటుని ‘వచ్చారు, వెళ్ళారు’ అని రాస్తున్నాను. వయసులో నాకన్నా బాగా చిన్న. చదివేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటే ఉండనీ. ‘వచ్చాడు’ అని రాస్తే ఒక అబద్ధం, ‘వచ్చింది’ అని రాస్తే నేనెవర్ని నిర్ణయించడానికి అనిపిస్తుంది. ఎవరేమన్నా నేను ఇలాగే రాస్తాను.

కాలేజీ లెక్కలో మగపిల్లాడే. ప్యాంటూ చొక్కాతోనే వచ్చేవారు. కానీ నడక వేరు, చేతులు తిప్పే తీరు వేరు, నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం వేరు. మగపిల్లలు అటు వరస, ఆడపిల్లలు ఇటు వరస కూర్చునే క్లాసులో మధ్య దారి పక్కన చివరి సీటు చూసుకుని కూర్చునేవారు. వెనక బెంచీ వెధవలు ‘ఒరేయ్’ అనాల్సిన చోట ‘ఏమే’ అని పిలిచేవాళ్ళు. అంతే, అదే వాళ్ళ హాస్యం, రోజూ అదే, రోజూ కొత్తగా విన్నట్టు పడీపడీ నవ్వడం. నేను కేకలేస్తే నా క్లాసులో మానేసి పక్క క్లాసులో అనేవాళ్ళు.

అంతకుముందు జరిగిన కాలేజీ డే నాడు ఇంకా ఘోరం జరిగింది. ప్రైజు తీసుకోవడానికి ఆ స్టూడెంటు స్టేజీ మీదికి నడుస్తుంటే హాలు సగం ఈలలు వేసింది. ఎవడో నడకని అనుకరిస్తూ కుర్చీల మధ్య తిరిగాడు. ఆ ముచ్చటంతా రేపల్లె వాడెవడో మోసుకెళ్ళి కుట్టుమిషన్ల కొట్లో చెప్పాడు. చెప్పకపోతే వాడికి తిన్నది అరగదు కాబోలు.

అందుకని డిబేటుకి పంపమని నేను కబురు చేసేసరికి వాళ్ళ నాన్నే బాపట్ల వచ్చారు. స్టాఫ్ రూము గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డారు. లోపలికి రండి అన్నయ్యగారూ అంటే రాలేదు. వరండాలోనే మాట్లాడుకున్నాం.

“మా వాడు మంచోడేనమ్మా. చదువులో వంక పెట్టేది లేదు. ఆ నడకేంటో, ఆ తిప్పుడేంటో... చిన్నప్పట్నుంచీ తిట్టి చూశాను, కొట్టి చూశాను. పోలేదండి.”

“పోవాల్సిన రోగమేం కాదండి అది” అన్నాను.

“మీకేమ్మా, మీరు చదువుకున్నోళ్ళు. కొట్టు ముందు నుంచుని మీ వాడికి ఈలలేశారంటగా అని అడిగేది నన్ను కదా. ఇంకొక్కసారి జనం నవ్వారని నా చెవిన పడిందా, ఇక చదువు లేదు. తీసుకుపోయి కొట్లో కూర్చోబెడతాను. అంతేనండి.”

“పరీక్షలు ఇంకెంత దూరంలో ఉన్నాయండి! ఇప్పుడు మాన్పిస్తే డిగ్రీ మొత్తం పోతుంది.”

“పోతే పోద్దమ్మా. మనిషన్నా మిగుల్తాడు.”

ఆ మాటకి నాకు చిర్రెత్తుకొచ్చింది, జాలీ వేసింది. ఆ స్టూడెంటు వరండా స్తంభం పక్కనే నిలబడి అంతా విన్నారు. “నేను వెళ్తాను నాన్నా. నువ్వూ రా. నవ్వితే అప్పుడే తీసుకెళ్ళు” అన్నారు. ఆయన “వస్తాను. నా కళ్ళతోనే చూస్తాను” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. అంటే తెనాలిలో ఒక్క నవ్వు వినపడితే మా పిల్లలందరిలోకీ తెలివైన మనిషి చదువు ఆగిపోతుంది. ఇక నాకు ఏ ‘దే’ గురించీ పట్టలేదు.

క్లాసులయ్యాక సాధన చేయించేదాన్ని. ఆ మాట కావాలి అనే వైపు మాది. మొదటి రోజే నేను రాసిచ్చిన ఉపన్యాసం చదివి మర్యాదగా పక్కన పెట్టేశారు. తనే ఒకటి చెప్పారు. దాన్ని ఇంగ్లీషులో ఎంత బాగా చెప్పారో నేను తెలుగులో రాయలేను గానీ, సారం ఇది: ఎవరో తలుపు కొడతారు. లోపల్నుంచి ‘ఎవరూ?’ అని అడుగుతాం. మగో ఆడో, చిన్నో పెద్దో తెలీదు. తెలీదు కాబట్టి మర్యాదగా అడుగుతాం. తలుపు తీసి చూశాక ఆ మర్యాద పోతుంది. చూసిన తర్వాత కూడా ఆ మర్యాద మిగిలే మాట ఒకటి ఇవ్వమంటున్నాం, అంతే.

“ఇది నీకెక్కడిదయ్యా” అనబోయి ‘అయ్యా’ దగ్గర ఆగిపోయాను. అది గమనించి నవ్వారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే.

“మీరు ఇంగ్లీషులోనే మాట్లాడండి మేడం. ‘యూ’ అంటే ఎవరికైనా సరిపోద్ది. నాకు ఇంగ్లీషు అందుకే ఇష్టం.”

ఆ ఆదివారం తెనాలిలో ఒక కల్యాణ మండపం. ఎండ. ఫ్యాన్లు తిరుగుతున్నట్టు నటిస్తున్నాయి. తండ్రీబిడ్డలు రేపల్లె ప్యాసింజరు దిగి నేరుగా వచ్చారు. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక తలుపు దగ్గర కుర్చీలో, లేచి వెళ్ళడానికి వీలుగా, అంచున కూర్చున్నారు. నేను ఆయనకి నమస్కారం పెట్టి ముందుకి వెళ్తుంటే క్లబ్బు కార్యదర్శి ఎదురొచ్చాడు. తెల్ల చొక్కా జేబుకి రిబ్బను పువ్వు. మంచివాడే, అది ఒప్పుకోవాలి. ఊరికే చేతులు జోడించి తిరిగే మనిషి.

“మేడం గారూ, మీరు స్టేజీ మీదుండాలండి. లేడీస్‌కి బొట్టు పెట్టాలి కదా, మా ఆవిడ పుట్టింటికెళ్ళింది.”

బహుమతులు ఇచ్చేటప్పుడు మనవాళ్ళు చేసేది తెలుసుగా. స్టేజీ పక్క బల్ల మీద రెండు పళ్ళేలు. ఒకదాంట్లో శాలువాలు, అవి గెలిచిన మగపిల్లలకి. అధ్యక్షుడు కప్పుతాడు. రెండోదాంట్లో కుంకుమ భరిణె, అరటిపళ్ళు, ఈపురుపాలెం నేత జాకెట్ ముక్కలు, అవి ఆడపిల్లలకి. ఎవరో ఒక ముత్తైదువ బొట్టు పెట్టి ఇస్తుంది. మగవాడు ఆడపిల్లకి శాలువా కప్పకూడదు, ఆడది మగపిల్లాడికి బొట్టు పెట్టకూడదు. నేను కాలేజీ తరఫున వచ్చిన లెక్చరర్ని బాబూ అని చెప్పబోయాను. అప్పటికే నా చేతిలో భరిణె పెట్టి వెళ్ళిపోయాడు. నా చదువూ, నా ఉద్యోగం అన్నీ ఆ భరిణె కిందికి వెళ్ళిపోయాయి.

డిబేటు గురించి ఎక్కువ చెప్పను. ఒకళ్ళు ఇంగ్లీషు పాతది కాబట్టి ముట్టుకోకూడదన్నారు. ఇంకొకళ్ళు స్త్రీని గౌరవించాలన్నారు, అంశానికీ దానికీ సంబంధమేంటో మాత్రం చెప్పలేదు. మధ్యలో అధ్యక్షుడు మైకు లాక్కుని ఈ విషయంలో భారతీయ సంస్కృతి గొప్పదని తన వంతు ఉపన్యాసం ఇచ్చాడు. నేను భరిణె ఒళ్ళో పెట్టుకుని పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

తర్వాత మా స్టూడెంటు వంతు. స్టేజీ మెట్ల దాకా నడుస్తుంటే వెనక వరసలో గుసగుస మొదలైంది. నేను వెనక తలుపు వైపే చూస్తున్నాను. ఆ తండ్రి రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకున్నారు. అయితే తలుపు తట్టే మాట మొదలవగానే గుసగుస ఆగింది. హాలంతా విన్నది. చప్పట్లు కూడా గట్టిగానే పడ్డాయి. న్యాయనిర్ణేతలు తలలు దగ్గరపెట్టుకుని అట్టే ఆలోచించలేదు, మొదటి బహుమతి మాదే.

హమ్మయ్య అనుకున్నాను. నా బుద్ధికి ఆ రెండు పళ్ళేలు ఇంకా తట్టలేదు.

మూడో బహుమతి గుంటూరు కుర్రాడికి. కప్పు ఇచ్చారు, శాలువా కప్పారు, ఫొటో తీశారు. రెండోది తెనాలి అమ్మాయికి. కప్పు ఇచ్చారు, నేను బొట్టు పెట్టి జాకెట్ ముక్క చేతిలో పెట్టాను, ఫొటో. మొదటి బహుమతి అని మా స్టూడెంటు పేరు పిలిచారు. స్టూడెంటు స్టేజీ ఎక్కారు. అధ్యక్షుడు కప్పు చేతిలో పెట్టాడు. శాలువా మడత విప్పాడు. విప్పి, ఆ మనిషి వంక ఒకసారి చూసి, కార్యదర్శి వంక చూశాడు. కార్యదర్శి నా వంక చూశాడు. మళ్ళీ శాలువా వంక చూశాడు. మైకులో నీళ్ళు నమలడం మొదలెట్టాడు.

“ఇప్పుడు... ఈ... మన విజేత గారికి...”

ఇంతసేపూ ఇంగ్లీషుకి ఒక మాట లేదని బాధపడ్డ పెద్దమనుషులు, ఎదురుగా మనిషి నిలబడితే ఒక బట్ట ముక్క ఇవ్వలేకపోయారు! వెనక వరసలో ఎవడో ముక్కుతో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు అందుకోబోతున్నాడు. తలుపు దగ్గర ఆ తండ్రి లేచి నిలబడ్డారు. నేను గబగబా వెళ్ళి కార్యదర్శి చెవిలో “అడగండయ్యా! ఏది కావాలో ఆ మనిషినే అడగండి” అన్నాను.

“మైకులోనా అండీ?” అన్నాడు గుడ్లప్పగించి. మరుక్షణం మైకు రెండు చేతులా పట్టుకుని ఒకే గుక్కలో అనేశాడు: “ఇంతటితో సభ సమాప్తం, అందరూ లేచి నిలబడండి, జాతీయ గీతం!”

ఇంకేముంది, అందరూ నిటారుగా నిలబడ్డారు. నవ్వబోతున్నవాడు నోరు మూశాడు. నేను స్టేజీ మధ్యలో, ఒక చేతిలో కుంకుమ భరిణెతో, కదలకూడదు. మా స్టూడెంటు రెండు పళ్ళేల మధ్య, కప్పు గుండెకి ఆనించుకుని, కదలకూడదు. అధ్యక్షుడు విప్పిన శాలువాతో, కదలకూడదు. తలుపు దగ్గర తండ్రి. జాతీయ గీతం పాడుతూ లోపల అంత కోపంగా ఉన్నది నా జీవితంలో ఆ ఒక్కసారే. పాట అయిందో లేదో జనం టిఫిన్ పొట్లాల దగ్గరికి పరిగెత్తారు. అధ్యక్షుడు శాలువా మడత పెట్టి పళ్ళెంలో వేసి కారెక్కాడు.

“చూశారా మేడం గారూ, పరువు కాపాడాను” అన్నాడు కార్యదర్శి చెమట తుడుచుకుంటూ. నిజంగానే కాపాడానని అనుకుంటున్నాడు. ఎవరూ పైకి నవ్వలేదు, ఆ లెక్కన మా స్టూడెంటు చదువు కూడా నిలిచినట్టే. నేనేం తిట్టగలను? తిట్టడానికి నోరు తెరిచి, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక మూసుకున్నాను.

ఈలోపు ఆ తండ్రి కుర్చీలు దాటుకుంటూ ముందుకొచ్చారు. స్టేజీ కింద నిలబడి, “ఎవరూ నవ్వలేదు కదమ్మా?” అని అడిగారు.

“లేదండి” అన్నాను.

ఆయన తలూపారు. వెళ్దాం పద అంటారనుకున్నాను. అనలేదు. బల్ల వంక చూశారు.

“మరి ఇవ్వలేదేంటండి?”

“కప్పు ఇచ్చాం కదండీ” అన్నాడు కార్యదర్శి.

“మిగతా ఇద్దరికీ కప్పూ ఇచ్చారు, పళ్ళెమూ ఇచ్చారు. నేను చూశాను. ఫస్టొచ్చినోళ్ళకి ఇవ్వరేంటండి? మేమేమన్నా పిలవని పేరంటానికొచ్చామా?”

ఆయన గొంతు లేచింది. మండపంలో కుర్చీలు సర్దుతున్నవాళ్ళు తిరిగి చూశారు. ఇంతకాలం నవ్వుకి భయపడిన మనిషికి ఆ చూపులు పట్టనే లేదు. కార్యదర్శి బుర్ర గోక్కున్నాడు.

“ఏది ఇమ్మంటారో మీరే చెప్పండి అన్నయ్యగారూ. మీ బిడ్డే కదా.”

ఆయన నోరు తెరిచారు. శాలువా అంటారు, ఇంకేముంది, అనుకున్నాను. కానీ ఆయన అటు శాలువాల వంక, ఇటు కుంకుమ వంక చూసి, స్టేజీ మీదున్న తన బిడ్డ వంక తిరిగారు.

“నీకేం కావాలి?”

ఆ ఇంట్లో ఆ ప్రశ్న అంతకుముందు ఎవరైనా అడిగారో లేదో నాకు తెలీదు. ఆ స్టూడెంటు ముఖం చూస్తే అడిగి ఉండరనిపించింది. కప్పుని అటూ ఇటూ తిప్పారు. చివరికి చాలా చిన్న గొంతుతో అన్నారు.

“మేడం చేతిలో ఉంది కదా నాన్నా. అది.”

భరిణె ఇంకా నా చేతిలోనే ఉంది. బొట్టు పెట్టేటప్పుడు పక్కన పళ్ళెం ఒకరు పట్టుకోవాలి. కార్యదర్శి చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. అంతకుముందు పళ్ళెం పట్టిన అమ్మాయి టిఫిన్‌కి వెళ్ళిపోయింది. నేను ఒక చేత్తో భరిణె, ఇంకో చేత్తో ఆ పళ్ళెం ఎలా పట్టుకోవాలా అని తంటాలు పడుతుంటే, వాళ్ళ నాన్న స్టేజీ ఎక్కి పళ్ళెం అందుకున్నారు. నల్లటి మిషను నూనె గోళ్ళలో ఇంకిపోయిన చేతులు. అరటిపండు ఒకటి దొర్లి కింద పడింది.

“తొందరగా పెట్టమ్మా. రైలుకి టైమవుతోంది” అన్నారు.

పెట్టాను. నేను పొట్టి, ఆ స్టూడెంటు పొడుగు. తల వంచారు. జాకెట్ ముక్క తీసి తండ్రే బిడ్డ చేతిలో పెట్టారు. ఫొటోగ్రాఫరు అప్పటికే వెళ్ళిపోయాడు.

స్టేషనుకి నేనూ వెళ్ళాను, ఇల్లు అటే కాబట్టి. రేపల్లె ప్యాసింజరు నిలబడి ఉంది, కిటకిటలాడుతోంది. ఎక్కే ముందు ఆ తండ్రి జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు.

“తుడుచుకో. రైల్లో జనం ఉంటారు.”

ఆ స్టూడెంటు రుమాలు తీసుకున్నారు. మెడ తుడుచుకున్నారు, చెంపలు తుడుచుకున్నారు, కళ్ళు కూడా తుడుచుకున్నారు. నుదురు ముట్టుకోలేదు. రుమాలు మడిచి తండ్రికి ఇచ్చేశారు. ఆయన దాన్ని చూసి జేబులో పెట్టుకుని, జనాన్ని భుజంతో తోసుకుంటూ ముందెక్కి కిటికీ పక్కన సీటు పట్టారు. బిడ్డని ఆ కిటికీ దగ్గర, ప్లాట్‌ఫారం మీద ప్రతివాడికీ కనపడేలా కూర్చోబెట్టి, తను పక్కన కూర్చున్నారు.

బండి కదులుతుంటే బిడ్డ మీదుగా వంగి అడిగారు.

“రేపు కాలేజీ ఉంది కదమ్మా?”

“ఉంది. ఎందుకుండదు? మొదటి గంటకల్లా క్లాసులో ఉండాలి!” అని కసిరాను. పొద్దుట్నుంచీ కోపంలోనే ఉన్నాను మరి, గొంతు అలాగే వచ్చింది.